పదిన్నర బస్సు

ఏళ్లుగా నేనొక బరువు మోస్తున్నాను. అది నా మీదికి ఎక్కిన రోజూ గంటా నాకు కచ్చితంగా తెలుసు. ఫిబ్రవరి నెల, ఆదివారం, సంకటహర చవితి, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. ఏ సంవత్సరమో కూడా తెలుసు, కానీ రాయను. రాస్తే మా ఊరివాళ్లు లెక్కగట్టి ఆ పిల్ల ఎవరో కనిపెడతారు. పిల్ల పేరు కూడా రాయను. మా పక్క ఆడపిల్లల్ని అమ్మీ అని పిలుస్తాం. ఇక్కడ ఆమెను అమ్మి అనే అంటాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసిన మనిషికి చెప్పగలిగే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

కాణిపాకంలో గుడికి పోయే దారిలో నాకు పూజసామాన్ల అంగడి ఉండేది. మోకాళ్లు మొరాయించాక మూసేశాను. టెంకాయ, కర్పూరం, అగరొత్తులు అందరూ అమ్మేవే. నా అంగడికి పేరొచ్చింది గరికతో. వినాయకుడికి ఇరవై ఒక్క గరిక పోచలు పెడతారు. పక్క అంగళ్లలో గుప్పెడు పీకి అరటినారతో చుట్టి ఇచ్చేసేవాళ్లు. అందులో పదిహేనున్నా ముప్పై ఉన్నా విప్పి చూసేవాళ్లు ఎవరూ లేరు. నేను మాత్రం లెక్కపెట్టి కట్టించేదాన్ని. మూడు కొసలున్న పోచలు, సరిగ్గా ఇరవై ఒకటి. వేలూరు వైపు నుంచి వచ్చే భక్తులు బస్సు దిగి, లెక్క తప్పని అవ్వ అంగడి యాడ అని అడుగుతూ వచ్చేవాళ్లు. ఆ మాట నాకు ఎంత తీపిగా ఉండేదో ఇప్పుడు ఒప్పుకోవాలి. జరిగినదానికి మొదలు ఆ తీపే అనుకుంటాను.

టైము విషయంలోనూ అంతే. ఏ తిథి ఎన్ని గంటలకు మారుతుందో, ఏ బస్సు ఎన్నింటికో జనం నన్నే అడిగేవాళ్లు. నేను చెబితే ఇంకొకరిని అడిగే పని లేదు.

అమ్మి వాళ్లది మా వెనక వీధి. తండ్రి ఏడాదిలో ఎనిమిది నెలలు ఇటుకబట్టీలకు పోయేవాడు. తల్లి కల్యాణ మండపంలో గిన్నెలు తోమేది. ఆమె నన్ను అత్తా అని పిలిచేది. అమ్మి నాలుగో తరగతిలో ఉండగా నా దగ్గరకు వచ్చి, గరిక కోసుకొస్తే డబ్బులిస్తావంట కదా అని అడిగింది. ఎందుకమ్మీ అంటే, కాంపాసు పెట్టె కొనుక్కోవాలంది. నాకు ముచ్చటేసింది. నాలుగు కట్టలకు రూపాయి అన్నాను. పెద్దవాళ్లను పెట్టుకుంటే రోజుకూలి ఇవ్వాలి. ఆ లెక్క కూడా అప్పుడే వేసుకున్నాను. ముచ్చటా లెక్కా రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందొచ్చిందని నన్ను నేను చాలాసార్లు అడుగుతాను.

ఆ పిల్ల చేతులు చూడాలి. మిగతా పిల్లలు పెదాలు కదుపుతూ ఒకటీ రెండూ అని లెక్కపెట్టేవాళ్లు. అమ్మి వేళ్ల మధ్య మందం పట్టి చూసి కట్టేసేది. నేను నమ్మక పది కట్టలు విప్పి చూశాను. పదింటిలోనూ ఇరవై ఒకటే. ఆ తర్వాత విప్పి చూడటం మానేశాను. కొన్నాళ్లకు మిగతా పిల్లల్ని కూడా వద్దన్నాను.

ఒకసారి కట్టలు కడుతూ అడిగింది.

"అవ్వా, పాకెట్ మనీ అంటే ఏంది?"

తిరుపతిలో ఉండే మా మనవడికి మా కొడుకు ప్రతి ఆదివారం యాభై రూపాయలు ఇస్తాడని నేనే ఎవరితోనో చెబుతుంటే విన్నట్టుంది.

"పని చేస్తే ఇచ్చేది కూలి. ఊరికే ఇచ్చేది పాకెట్ మనీ."

"ఊరికే యాల ఇస్తారు?"

"పిల్లోళ్లు గదా, కర్సులుంటాయి."

"నేనూ పిల్లే గదా అవ్వా. నువ్వు ఊరికే ఒక్కటంటే ఒక్క రూపాయి ఇచ్చినావా?"

పక్క అంగడి టెంకాయల ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. పిల్ల కూడా నవ్వి, కట్ట కట్టి తడిపిన గోనెసంచి మీద పెట్టింది.

ఆ కార్తీకంలో కార్మిక శాఖ నుంచని ఒకావిడ వచ్చింది. పద్నాలుగేళ్లలోపు పిల్లలు అంగళ్లలో పని చేస్తున్నారేమో చూస్తూ వీధి పొడుగునా నడుస్తోంది. నా అంగడి ముందు ఆగి, ఈ పాప ఎవరని అడిగింది. నేను నోరు తెరవకముందే అమ్మి, "మా అవ్వ" అని నన్ను చూపించింది. నేర్పినవాళ్లు లేరు. బడి అయినాక సొంత ఇంటివాళ్లకు సాయం చేస్తే తప్పులేదని, బయటివాళ్ల దగ్గరైతే కూడదని ఆ వయసుకే ఎక్కడో విన్నట్టుంది. ఆవిడ తల నిమిరి పోయింది. నేను కాదనలేదు. పైగా ఆ రోజు సాయంత్రం దాకా నా మనసు తేలిగ్గా ఉండింది.

పిల్లలు పని చేయడమే తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. నా తొమ్మిదో ఏట కోత అయిపోయిన చేలలో శెనక్కాయలు ఏరి అమ్ముకుని ఆ డబ్బు తిరునాళ్ల ఖర్చుకు దాచుకున్నాను. దానివల్ల నాకు చెడిందేమీ లేదు. అమ్మి కూడా తన డబ్బుతో కాంపాసు పెట్టె కొనుక్కుంది. తమ్ముడికి బన్ను కొనిపెట్టింది. అంగట్లో కూర్చున్నప్పుడు ఆ పిల్ల మొహంలో ఉండిన వెలుగు నేను కల్పించుకున్నది కాదు. మరి హద్దు ఎక్కడ? చట్టం వయసు చెబుతుంది, గంటలు చెబుతుంది. అవి ఉండాల్సినవే. కానీ నేను దాటిన హద్దు వాటికంటే ముందే ఉంది. మొదట్లో పిల్లకు డబ్బు కావాలి కాబట్టి నేను పని ఇచ్చాను. ఏడాది తిరిగేసరికి నాకు పని జరగాలి కాబట్టి ఆ పిల్ల రావాల్సి వచ్చింది. ఒకటి ఇంకొకటిగా మారిన రోజేదో నేను చెప్పలేను. అన్ని తేదీలూ గుర్తున్న నాకు ఆ ఒక్క తేదీ గుర్తులేదు.

అమ్మి ఐదో తరగతికి వచ్చింది. వాళ్ల అయ్యవారు బడిలో నలుగురు పిల్లలతో గురుకులం ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టించాడు. సీటొస్తే ఆరో తరగతి నుంచి ఇంటరు దాకా హాస్టల్లో పెట్టి చదివిస్తారు. ఆ నలుగురిలో ఎవరికైనా వస్తే అమ్మికే వస్తుందని ఆయన నాతోనే అన్నాడు. పరీక్ష చిత్తూరులో ఒక హైస్కూల్లో. హాల్ టికెట్ ఇంట్లో ఉంటే తమ్ముడు చించేస్తాడని అమ్మి తెచ్చి నా చేతికిచ్చింది. అంగట్లో దేవుడి పటం వెనక పెట్టాను. పెట్టేముందు రెండు వైపులా చదివాను. ఏ కాగితమైనా చివరిదాకా చదవడం నా అలవాటు. పైన పెద్ద అక్షరాలతో పరీక్ష పదకొండున్నరకు అని ఉంది. కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, పది గంటలకల్లా రావాలని, పదకొండు దాటితే గేటు మూస్తారని ఉంది. నేను పాత ఎస్సెస్సెల్సీ పాసైనదాన్ని. బాగానే అర్థమైంది.

పరీక్ష ఆదివారం. ఆ రోజే సంకటహర చవితి, వినాయకుడి గుడికి జనం విరగబడే రోజు.

ముందురోజు అయ్యవారు ఆటో మాట్లాడాడు. మనిషికి ముప్పై రూపాయలు, ఎనిమిదిన్నరకు బడి దగ్గర ఎక్కాలి. అమ్మి ఏడున్నర దాకా గరిక కట్టి ఇంటికి పోయి తయారై ఆటోకు పోవాలి. నేనే చెప్పిన ఏర్పాటు అది. తల్లికి ఆ పూట మండపంలో పెళ్లి పని. "అత్తా, నువ్వు సూసుకో. నీకైతే టైము తప్పదు" అని చెప్పి పోయింది.

తెల్లవారుజామున నాలుగూ పదికి అమ్మి మంచుకు తడిసిన గరిక మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. చవితి రద్దీకని ఆ ఒక్క రోజుకు కూలికి పిలిచిన ఆడమనిషి రాలేదు. ఏడూ ఇరవైకి వేలూరు నుంచి రెండు బస్సులు ఒకేసారి దిగాయి. కట్టినవి కట్టినట్టే పోతున్నాయి. ఏడూ నలభైకి అమ్మి ఒళ్లోని గరిక దులుపుకుని లేచింది.

ఇన్నేళ్లలో ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఇందులో ఒక్క మాట మారలేదు.

"అవ్వా, పొయ్యొచ్చేదా? ఎనిమిదిన్నరకంట ఆటో."

"పరీక్ష ఎన్ని గంటలకు?"

"పదకొండున్నర. నువ్వూ సూసినావు గదా."

"మరింకేం? ఎనిమిదిన్నరకు బయలుదేరి ఆడ ఏం జేస్తావు? గోడకు ఎన్ని ఇటుకలుండాయో లెక్కబెడతావా?"

పిల్ల నవ్వింది. "అయ్యవారు రమ్మని సెప్పినాడే."

"ఆటోకు ముప్పై రూపాయలు దండగ. పదిన్నర బస్సుకు నేనే ఎక్కిస్తా. కండక్టరు మనకు తెలిసినోడే, స్కూలు దగ్గర దించుతాడు. పరీక్షకు ముందే ఉంటావు."

"లేటు గాదు గదా?"

"యా పొద్దైనా నాకు టైము తప్పిందామ్మీ?"

కాసేపు నా మొహం చూసింది. "అదీ నిజమేలే" అని మళ్లీ కూర్చుంది.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు చూడండి. పరీక్ష పదకొండున్నరకే. బస్సు పదిన్నరకే. అరగంట ప్రయాణం. అన్నీ సరైన అంకెలే. ఒక్క పదకొండు గంటల గేటు సంగతి నా నోట్లోంచి రాలేదు. బస్సు టైముకు పోయినా దిగినచోటి నుంచి నడిచి గేటు చేరేసరికి పదకొండూ ఐదు అవుతుందని కూడా నేను లెక్కేశాను. ఐదు నిమిషాలకేం, పసిపిల్లను వదలరా అనుకున్నాను. ఎవరికీ ఎప్పుడూ ఐదు నిమిషాలు వదలని మనిషిని నేను. వేరేవాళ్లు వదులుతారని ఏ ధైర్యంతో అనుకున్నాను? అనుకున్నానా, లేక అనుకున్నట్టు ఆ తర్వాత సర్దిచెప్పుకున్నానా? ఇన్నేళ్లకు ఆ రెండూ విడదీయలేకుండా కలిసిపోయాయి.

ఎనిమిదీ ముప్పై ఐదుకు, పరీక్ష రాసే పిల్లల్లోనే ఒకమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. అయ్యవారు పిలుస్తున్నాడని, ఆటో కదలబోతోందని చెప్పింది. అమ్మి తల ఎత్తి నావైపు చూసింది. జవాబు నేను చెప్పాలని చూసింది. "మేం బస్సులో పంపిస్తాం, మిమ్మల్ని పొమ్మన్నానని చెప్పు" అన్నాను. నాకు టైము తప్పదని అయ్యవారు కూడా నమ్మి ఆటో పోనిచ్చాడు. ఏడూ నలభైకి చేసింది తొందరలో చేశానని సర్దుకోవచ్చు. దీనికి ఆ సాకు లేదు. అప్పటికి రెండు బస్సుల జనం పోయారు. అంగడి ముందు ఇద్దరే ఉన్నారు.

చవితి రద్దీతో పదిన్నర బస్సు పదీ యాభైకి కదిలింది. అమ్మి ఒక్కతే ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. గోళ్లలో ఆకుపచ్చ పసరు అట్లాగే ఉంది. కడుక్కోవడానికి కూడా నేను టైము ఇవ్వలేదు.

పదకొండూ ఇరవై ఐదుకు ఆ పిల్ల గేటు దగ్గరకు చేరింది. ఎంత బతిమాలినా తీయలేదు. అక్కడి కాపలావాళ్లను తప్పు పట్టను. వాళ్ల పని వాళ్లు చేశారు. మిగతా ముగ్గురూ రాసి బయటకొచ్చేదాకా రెండు గంటలకు పైగా ఆ గేటు బయటే నిలబడి, వాళ్ల ఆటోలోనే తిరిగొచ్చింది. ఎందుకు లేటయిందని అయ్యవారు దారి పొడుగునా అడిగాడట. అమ్మి చెప్పిన జవాబును సాయంత్రం ఆయనే అంగడికి వచ్చి నాకు వినిపించాడు.

"గరిక కట్టేది లేటు చేసినాను సార్, బిరబిరా కట్టలేకపోతిని, అంటుందమ్మా పిల్ల. నిజమేనా?"

ఆ మనిషి నా కళ్లలోకి చూస్తూ అడిగాడు. నాకు దక్కిన మూడో అవకాశం అది. "బస్సు లేటు అయ్యవారూ, పండగ రద్దీ గదా" అన్నాను. అదీ నిజమే. బస్సు లేటే. ఆయన తిరిగి వెళ్లిపోయాడు.

తల్లి పని నుంచి వచ్చి అమ్మిని వీధిలోనే కొట్టింది. డబ్బుల మీద ఆశ పడి బతుకు చెడగొట్టుకున్నావు కదే అని ఏడుస్తూ కొట్టింది. నేను అరుగు మీద నిలబడి చూశాను. నేనే ఆపానని అనడానికి ఒక్క క్షణం చాలు. అనలేదు. పోయి ఆమె చెయ్యి పట్టుకుని, "వచ్చే ఏడు రాస్తుందిలే" అన్నాను. ఆ పరీక్ష ఆరో తరగతిలో చేరేవాళ్లకే. వచ్చే ఏడు అనేది లేదని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. ఆ మాటకు ఆమె ఊరడిల్లి నాకు దండం పెట్టింది.

మరునాడు అమ్మిని పిలిచి యాభై రూపాయలు చేతిలో పెట్టాను.

"ఎన్ని కట్టలకు అవ్వా?" అంది.

"కట్టలకు కాదు. ఊరికే."

ఆ నోటు వంక చూసి, "నేను లేటు చేసినా గూడా ఇస్తా ఉండావా?" అంది.

నేనేం చేశానో చెప్పాలి కదా. గల్లాపెట్టె సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

పరీక్ష పోవడం ఒక నష్టం. ఒక్క పూట చేసిన తప్పు అది. కానీ తను మందకొడి మనిషినని, తన చేతులు ఆలస్యం చేశాయని ఆ పిల్ల నమ్మితే నమ్మనిచ్చాను చూడండి, అది ఒక్క పూటది కాదు. ప్రతిరోజూ కొత్తగా చేసిందే. నా అంగట్లో కూర్చున్న ఎవరి చేతులూ అంత వేగంగా ఆడటం నేను చూడలేదు. ఆ మాట తనకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

అమ్మి ఊళ్లో హైస్కూలుకే పోయింది. తొమ్మిదిలో ఉండగా తండ్రి మంచాన పడితే బడి మానేసింది. పద్దెనిమిది నిండిన నెలకే పెళ్లి. ఇప్పుడు తిరుపతిలో ఒక బట్టల షోరూంలో చీరలు విప్పి చూపిస్తుంది. రోజుకు పది గంటలు నిలబడే పని. గురుకులంలో సీటు వచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదని రాయబోయి ఆగాను. అది నాకు తెలియదు. పరీక్ష తప్పేదేమో కూడా. కానీ తప్పే అవకాశం కూడా నేను ఆ పిల్లకు ఇవ్వలేదు.

ఇప్పటికీ ఊరికొస్తే నన్ను చూడకుండా పోదు. అవ్వా అనే పిలుస్తుంది. పోయిన నెల చిత్తూరు ఆసుపత్రికి పోవాలని నేను తొమ్మిదింటికే బస్టాపుకు వచ్చాను. అమ్మి ఐదేళ్ల కూతురిని పక్కన పెట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. తిరుపతి బస్సుకట. అది పదీ పదికి.

"గంట ముందే వచ్చి కూర్చున్నావేమ్మీ, ఎండలో పిల్లను పెట్టుకుని?"

"నాకదే బయం అవ్వా. యాడికి పోవాలన్నా గంట ముందే పోతా. షోరూంలో గూడా తాళాలు తీసేదానికి ముందే నేనుంటానని నవ్వుతారు. సిన్నప్పటి నుంచీ నాది లేటు చెయ్యే గదా, నీకు తెలీందా?" అంది నవ్వుతూ.

పక్కనున్న పాప, "మాయమ్మకు అన్నీ లేటే" అని వంతపాడింది. ఇంట్లో రోజూ వినే మాటలాగా ఉంది.

చెప్పడానికి మళ్లీ ఒక అవకాశం. బస్సుకు ఇంకా గంటా పది నిమిషాలుంది. వినే మనిషి పక్కనే ఉంది. నేను పాప చేతిలో పది రూపాయలు పెట్టి, మజ్జిగ తాగమన్నాను.

ఎందుకు చెప్పలేదు? ఆమె తిడుతుందని కాదు. తిడితే నాకు కొంచెం మేలే. చెబితే అవ్వా అని పిలవడం మానేస్తుంది. నా సొంత మనవడు పిలిచేది ఏడాదికి ఒకసారి. ఇంత చిన్న సంగతి కోసం అంత పెద్దది దాచుకున్నాను. ఆ ఆదివారం కూడా నా అవసరమే చూసుకున్నాను, ఇప్పుడూ అదే చూసుకుంటున్నాను. వయసు పెరిగింది గానీ ఆ గుణం ఎక్కడికీ పోలేదు. ఇది చదివి మీరు నన్ను ఓదార్చనక్కరలేదు. అప్పుడు అందరి ఇళ్లలో అంతే జరిగేదని కూడా అనవద్దు. నేను చదివాను, అర్థం చేసుకున్నాను, తెలిసే మూడు గంటలు కూర్చోబెట్టాను. ఈ వాక్యం ఇప్పటిదాకా మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. కాగితం మీద పూర్తయింది. అందుకే కాస్త ఊపిరి ఆడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదని తెలుసు.

అమ్మికి పోయినవి: ఒక పరీక్ష. ఏడేళ్ల హాస్టలు చదువు, దక్కి ఉంటే. మూడు పూటల తిండి, అదీ దక్కి ఉంటే. వీధిలో తల్లి చేతి దెబ్బలు పడకుండా ఉండాల్సిన ఒక సాయంత్రం. తన చేతుల మీద తనకు ఉండాల్సిన నమ్మకం. దీనికి మాత్రం, ఉంటే గింటే లేదు, పూర్తిగా పోయింది.

ఏడూ నలభై నుంచి పదిన్నర దాకా ఆమె కట్టినవి రెండు వందల పది కట్టలు. అందులో నూట నలభై ఎనిమిది అమ్ముడయ్యాయి. అరవై రెండు మిగిలాయి. సాయంత్రానికి వాడిపోతే ఆవులకు వేశాను.